గుర్రం తోక రుద్ది రుద్ది మొదలంతా బోడి చేసుకుంటోంది, ఎవరైనా చెప్పండి

వంశధార_ఒడ్డు (శ్రీకాకుళం జిల్లా) | ఆగస్టు 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది కళింగపట్నం దగ్గర పల్లె. గౌరి అని ఏడేళ్ళ ఆడగుర్రం ఉంది నా దగ్గర, తెల్లది. శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి దాకా పెళ్ళి ఊరేగింపులకి తీసుకెళ్తాను. ఆదివారం సాయంత్రాలు సముద్రం ఒడ్డున పిల్లల్ని ఎక్కించి తిప్పుతాను. మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే అది గౌరి చలవే.

పదిహేను రోజులుగా తోక రుద్దుతోంది. పాక నిట్రాడకి వెనక్కి ఆనుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, కళ్ళు సగం మూసి అలా ఊగుతూనే ఉంటుంది. తెల్లారి చూస్తే నిట్రాడ నడుం ఎత్తున తెల్ల వెంట్రుకలు కొబ్బరిపీచు చుట్టినట్టు అంటుకుని ఉంటున్నాయి. తోక మొదట్లో వెంట్రుకలు తెగి పాత చీపురులా నిక్కబొడుచుకున్నాయి. ఒకచోట రూపాయి బిళ్ళంత మేర తోలు లేచి ఎర్రగా ఉంది.

కొబ్బరినూనె రాశాను. వేపనూనె రాశాను. ఒంటి సబ్బుతో రెండుసార్లు కడిగాను. ఏదీ పనిచెయ్యలేదు. ఒకాయన కిరసనాయిలు పట్టించమన్నాడు. పక్కింటాయన గేదెల గోమార్ల మందు సీసా ఇచ్చాడు, రేపు పొద్దున్న కొడదామనుకుంటున్నాను. 24న నరసన్నపేటలో పెళ్ళి ఒప్పుకున్నాను. బేగి ఎవరైనా దారి చెప్పండి.

జట్కా_మనవడు (విజయనగరం) | ఆగస్టు 11, రాత్రి 10:05

బాబూ, కిరసనాయిలు మాత్రం ముట్టుకోకు. తోలు లేచిన చోట పడితే కాలుతుంది, బొబ్బలొస్తాయి.

మా తాత రైలు స్టేషన్ నుంచి గంట స్తంభం దాకా జట్కా తోలేవాడు. నేను చిన్నప్పుడు పొద్దున్నే ఆయన వెనకాలే తిరిగేవాణ్ణి. ఉలవగుగ్గిళ్ళ తట్ట గుర్రం ముందు పెట్టి, అది తింటున్నంతసేపూ నాలుగు డెక్కలూ ఎత్తి చూసేవాడు, చివర్న తోక ఎత్తి కింద చూసేవాడు. ఏ రోజూ మానలేదు. "దురద ఎక్కడో ఉంటాది, తోక రుద్దుతాది" అనేవాడు. నువ్వు తోక పైన ఏం రాశావో చెప్పావు గానీ తోక కింద ఏముందో చెప్పలేదు. చూశావా?

పాడిరైతు_రాజాం | ఆగస్టు 11, రాత్రి 10:20

గోమార్ల మందు మంచిదే అన్నా. నా గేదెలకి ఏటా వానాకాలం అదే కొడతాను, లీటరు నీళ్ళలో కలిపి పిచికారీ చేస్తే రెండు రోజుల్లో గోమార్లు రాలిపోతాయి. భయపడకుండా వాడండి.

పశువైద్యం_బొబ్బిలి | ఆగస్టు 11, రాత్రి 10:32

వంశధార గారూ, ఆ సీసా పక్కన పెట్టండి. దాని మీద అమిట్రాజ్ అని ఉందేమో చూసి చెప్పండి.

పశువుల గోమార్ల మందుల్లో అమిట్రాజ్ ఉన్నవి చాలా ఉంటాయి. ఆవుకి, గేదెకి, కుక్కకి వాడతాం. గుర్రానికి వాడకూడదు. గుర్రం పేగుల కదలికని అది మందగింపజేస్తుంది. పెద్దపేగులో పేడ గట్టిపడి ఇరుక్కుని కడుపునొప్పి వస్తుంది, ప్రాణం మీదకి రావచ్చు. గుర్రం వాంతి చేసుకోలేని జంతువు, దానికి కడుపునొప్పి వచ్చిందంటే మేం నిద్రపోం. రాజాం రైతుగారు తన అనుభవం చెప్పారు, గేదె వరకూ అది నిజమే.

ఇంకో నాలుగు సంగతులు కావాలి. జూలు కూడా రుద్దుతోందా, తోక ఒక్కటేనా? ఏ పూట ఎక్కువ? కడుపు పురుగుల మందు ఆఖరిసారి ఎప్పుడు, ఏది వేశారు? తోకకి రంగు గానీ అలంకరణ గానీ ఏమైనా కట్టారా?

వంశధార_ఒడ్డు | ఆగస్టు 11, రాత్రి 10:50

డాక్టర్ గారూ, మీకు దణ్ణం. టార్చి వేసి చూశాను. అమిట్రాజ్ అనే ఉంది. సీసా ఇప్పుడే తిరిగి ఇచ్చేసి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి.

జూలు బాగానే ఉంది, తోకే. పూట అంటూ లేదు, రాత్రి ఎక్కువ అనిపిస్తుంది. పురుగుల మందు కిందటేడు సంక్రాంతికి వేశాను, ఏ మందో గుర్తులేదు. జూన్‌లో ఒక పెళ్ళికి తోకకి జరీ గుడ్డ చుట్టి రబ్బరు బ్యాండ్లు వేశారు, అదే రోజు తీసేశాను.

పాడిరైతు_రాజాం | ఆగస్టు 11, రాత్రి 11:02

అన్నా, క్షమించండి. నాకు నిజంగా తెలీదు. గుర్రాన్ని కూడా గేదెలాగే అనుకున్నాను. మా ఊళ్ళో గాడిదలున్నాయి, వాళ్ళకీ రేపే చెప్తాను. గాడిదక్కూడా ఇదే కదా డాక్టర్ గారూ?

పశువైద్యం_బొబ్బిలి | ఆగస్టు 11, రాత్రి 11:10

గాడిదకీ వద్దు. చెప్పండి, మంచి పని.

భీమిలి_గాలి | ఆగస్టు 12, ఉదయం 6:15

నేనూ బీచ్‌లో గుర్రం తిప్పుతాను. మా గుర్రానికి మూడేళ్ళ నుంచి ప్రతి వానాకాలం ఇదే గోల. అది సన్నదోమ. నలుసంత ఉంటుంది, ఒకటి రెండు మిల్లీమీటర్లు, కుట్టేదాకా కనిపించదు. దాని ఉమ్మి పడని గుర్రాలకి ఒళ్ళంతా దద్దురు లేస్తుంది. పొద్దు వాలినప్పుడు, తెల్లవారుజామున ఎక్కువ. బురద, పేడ, చెరువు గట్టు ఎక్కడుంటే అక్కడ పుడుతుంది. గాలికి ఎగరలేదు. అందుకని పాకలో పెద్ద ఫ్యాను పెట్టాను. సాయంత్రం నాలుగున్నరకే లోపల కట్టేస్తాను, పల్చటి దోమతెర గుడ్డ ఒంటి మీద కప్పుతాను. సగానికి సగం తగ్గింది.

వేపాకు పొగ కూడా వేస్తున్నాను, పనిచేస్తోంది.

పశువైద్యం_బొబ్బిలి | ఆగస్టు 12, ఉదయం 7:30

భీమిలి గారు చెప్పినదాంట్లో పొగ తప్ప మిగతా అంతా బాగుంది. పొగ పాక బయట, గాలి వాలు చూసి వెయ్యండి. మూసిన పాకలో రోజూ పొగ పీలిస్తే గుర్రానికి దగ్గు పట్టుకుంటుంది, పట్టుకుంటే వదలదు.

అయితే మీ గుర్రానికి జూలు కూడా పోతుంది కదా? సన్నదోమ పడని గుర్రం జూలు, తోక మొదలు, ఒక్కోసారి పొట్ట కింద నడి గీత కూడా రుద్దుకుంటుంది. గౌరికి జూలు చెక్కుచెదరలేదు. అందుకని నా అనుమానం తోక కిందకే వెళ్తోంది.

వంశధార గారూ, రేపు తెల్లవారగానే, కడగకముందే, పేడ వెయ్యకముందే ఈ పని చెయ్యండి. వెనక నిలబడొద్దు. పక్కన తొడకి ఆనుకుని నిలబడి, నడుం మీద చెయ్యి వేసి మెల్లగా వెనక్కి తెచ్చి తోక ఎత్తండి. మలద్వారం చుట్టూ పసుపు, బూడిద రంగు కలిసిన జిగురు చారలు ఎండి అంటుకుని ఉన్నాయేమో చూడండి. ఉన్నా లేకపోయినా, తేటగా ఉండే సెల్లోటేపు ముక్క జిగురు వైపు అక్కడ రెండు మూడు చోట్ల అద్ది, గాజు పలక మీద అంటించి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తరవాత పొదుగు చూడండి, రెండు చన్నుల మధ్య సందులో వేలు పెట్టి. తోక అడుగున రోమాల్లేని చోట గోమార్లు ఉన్నాయా, తోక వెంట్రుకల మొదట్లో పేలు, ఈపి ఉన్నాయా అని కూడా.

పేడ పరీక్ష చాలదా అని అడుగుతారు. నేను అనుమానిస్తున్న పేగు పురుగు గుడ్లు లోపల పెట్టదు. ఆడపురుగు బయటికొచ్చి తోక కింద పెట్టిపోతుంది. పేడలో ఎంత వెతికినా చాలాసార్లు దొరకదు.

పైడితల్లి_దీవెన (విజయనగరం) | ఆగస్టు 12, ఉదయం 9:10

నాయనా, ఉలవలు ఎక్కువైతే వేడి చేసి దురదొస్తుందని మా అత్తగారు అనేవారు. వారం రోజులు ఉలవలు ఆపి, పచ్చగడ్డి పెట్టి చూడు.

జట్కా_మనవడు | ఆగస్టు 12, ఉదయం 9:45

అమ్మా, ఉలవలు గుర్రానికి తరతరాలుగా పెట్టేవే. పని చేసే గుర్రానికి ఒక్కసారిగా ఆపితే నీరసపడిపోతుంది. దాణా పడక దద్దురు రావడం ఉంది, కానీ అప్పుడు ఒళ్ళంతా వస్తుంది, తోక ఒక్కటే కాదు. ముందు డాక్టర్ గారు చెప్పింది చూడనివ్వండి.

వంశధార_ఒడ్డు | ఆగస్టు 13, ఉదయం 7:05

చూశాను. ఏడేళ్ళుగా నా చేతుల్లో పెరిగిన గుర్రం, ఇంత దగ్గరగా అక్కడ ఎప్పుడూ చూడలేదు, సిగ్గుగా ఉంది.

తోక ఎత్తగానే మలద్వారం కింద అంబలి ఒలికి ఎండినట్టు చారలు. బూడిద రంగు, అంచుల్లో పసుపు. గోటితో గీస్తే పొట్టు రాలింది. టేపు అద్ది గాజు పలకకి అంటించాను.

పొదుగు సంగతి ఇంకా. చన్నుల మధ్య వేలు పెట్టగానే గౌరి కాలు ఎత్తింది, మళ్ళీ దించేసింది. తరవాత మెడ చాచి పై పెదవి సాగదీసి వణికించింది. ఎన్నాళ్ళ నుంచి అక్కడ గోకేవాళ్ళ కోసం చూస్తోందో! సందులోంచి నల్లగా మైనం లాంటి ముద్ద వచ్చింది, కొబ్బరి పిందె మూతంత. వాసన చెప్పలేను.

గోమార్లు రెండే దొరికాయి. పేలు లేవు.

పశువైద్యం_బొబ్బిలి | ఆగస్టు 13, ఉదయం 7:40

ఆ పెదవి వణికించడమే జవాబు. చెమట, చర్మం మురికి కలిసి అక్కడ పేరుకుంటుంది. తన నోరు అక్కడికి అందదు కనక తోక రుద్దుకుంటుంది. మగగుర్రానికైతే మర్మాంగం తొడుగులో ఇలాగే పేరుకుంటుంది.

ఈ రాత్రి కొద్దిగా కొబ్బరినూనె రాసి నాననివ్వండి. రేపు గోరువెచ్చని నీళ్ళు, దూది. సబ్బు వద్దు. బలవంతంగా పెరకొద్దు, రెండు మూడు రోజులు పట్టినా పరవాలేదు. గోమార్లు పట్టుకారుతో తల దగ్గర పట్టి నిటారుగా లాగండి, వేళ్ళతో నలపొద్దు.

ఆ చారలు నాకు నచ్చలేదు. టేపు ఈరోజే ఆసుపత్రికి చేర్చండి. దగ్గర్లో వీలుకాకపోతే పశువుల సంచార వైద్యం నంబరు 1962కి ఫోన్ చెయ్యండి. విజయనగరం వైపు వాళ్ళకి గరివిడి పశువైద్య కళాశాల ఉంది. తోలు లేచిన చోటు చూపించి ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి తప్పకుండా అడగండి. ధనుర్వాతానికి గుర్రమంత తేలిగ్గా లొంగిపోయే జంతువు అరుదు. మీ నిట్రాడకి మేకులున్నాయా?

వంశధార_ఒడ్డు | ఆగస్టు 14, రాత్రి 8:30

మేకులు రెండున్నాయి, కళ్ళెం తగిలించడానికి కొట్టినవే. పీకేశాను. ఇంజెక్షన్ చేయించాను.

టేపు మీద గుడ్లున్నాయి. ఆసుపత్రి డాక్టరమ్మ నన్ను పిలిచి మైక్రోస్కోపులో చూపించారు. కోలగా, ఒక పక్క చదునుగా, ఒక చివర చిన్న మూత బిగించినట్టు. లెక్కపెట్టబోయి మానేశాను. పిన్‌వార్మ్ అన్నారు. పిల్లల నులిపురుగులాంటిదే కానీ గుర్రానిది వేరేనట. మా పాప ఎనిమిదేళ్ళది, రోజూ గౌరి తోక దువ్వుతుంది. దానికి అంటుకోదు కదా? ఆవిడ చెప్పారు కానీ ఇంట్లోవాళ్ళకి ఇంకోసారి వినాలని ఉంది.

మందుకి బరువు కావాలన్నారు. మాకు తూకం ఎక్కడిది?

పశువైద్యం_బొబ్బిలి | ఆగస్టు 14, రాత్రి 9:00

పాపకి అంటదు. గుర్రం, గాడిద, కంచరగాడిద జాతికే వస్తుంది. చేతులు కడుక్కోమనండి, అది ఎప్పుడైనా మంచిదే.

బరువుకి టైలరు టేపు చాలు. ముందుకాళ్ళ వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తియ్యండి. భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు తియ్యండి. చుట్టుకొలతని దానితోనే హెచ్చవేసి, పొడవుతో హెచ్చవేసి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. మందు తక్కువ పడితే పురుగు చావదు, పైగా మందుకి అలవాటు పడుతుంది. కంటితో అంచనా కట్టొద్దు.

పురుగుల మందు ఐవర్‌మెక్టిన్ నోట్లో పెట్టే పేస్టుగానే అడగండి. పశువులకి వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ గుర్రానికి పొడిస్తే ఆ చోట వాచి చీము పట్టిన సందర్భాలున్నాయి.

వంశధార_ఒడ్డు | ఆగస్టు 15, మధ్యాహ్నం 12:20

చుట్టు 155, పొడవు 140. పాప లెక్క చేసింది: 283 కిలోలు. నేను 350 అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. పేస్టు విశాఖ నుంచి తెప్పించి, డాక్టరమ్మ చెప్పినంతే పెట్టాను.

జట్కా_మనవడు | ఆగస్టు 15, సాయంత్రం 5:00

మందు ఒక్కటే వేస్తే చాలదు బాబూ, శుభ్రం చెయ్యి. ఆ గుడ్లు తోక నుంచి రాలి తొట్టిలో, నీళ్ళ గోలెంలో, నిట్రాడ మీద పడతాయి. మూడు నుంచి అయిదు రోజుల్లో అవి అంటుకునే స్థితికొస్తాయి. అందుకని రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తోక కింద తుడిచి ఆ గుడ్డ కాల్చెయ్యి. మళ్ళీ ఉతికి వాడకు. తొట్టి, నిట్రాడ వేడి నీళ్ళతో తోము. గడ్డి నేల మీద వెయ్యకు.

తోక కడగడం కూడా చెప్తాను. మా తాత నేర్పిన పద్ధతి. పొడి తోకని పై నుంచి దువ్వితే గుప్పెడు ఊడొస్తుంది. కుచ్చు చివర పట్టుకుని, కింద జానెడు ముందు వేళ్ళతో విడదియ్యి. అది వదిలాక ఇంకో జానెడు పైకి. దువ్వెన ఆఖర్న. కడిగేటప్పుడు మొదట్లో వెంట్రుకల కింద తోలు దాకా నీళ్ళు వెళ్ళాలి, సబ్బు నురగ పూర్తిగా పోవాలి. నువ్వు ఒంటి సబ్బుతో కడిగి సరిగ్గా వదల్చకపోతే అదీ దురదే. తరవాత పొడి గోనెతో అద్దు, రుద్దకు. నూనె మీద మళ్ళీ నూనె పట్టిస్తే దుమ్ము అట్టకడుతుంది, ఎండలో తోలు మండుతుంది.

పెళ్ళిబండి_చీపురుపల్లి | ఆగస్టు 17, ఉదయం 10:30

24 పెళ్ళి మానుకోకండి. తోక బోడిగా ఉంటే కృత్రిమ కుచ్చు కట్టేస్తాం, పైన జరీ గుడ్డ బిగించి చుడితే ఎవరికీ కనిపించదు. నా దగ్గర రెండు జతలున్నాయి, ఇస్తాను.

పశువైద్యం_బొబ్బిలి | ఆగస్టు 17, ఉదయం 11:15

మీ మంచి మనసు తెలుస్తోంది. కానీ బిగించి చుట్టొద్దు. తోక మొదలంతా ఎముక, సన్నటి నరాలు, రక్తనాళాలు. గట్టిగా కట్టి గంటలు వదిలేస్తే రక్తం ఆగి కింద భాగం చచ్చుబడిపోతుంది. రబ్బరు బ్యాండు మరీ ప్రమాదం, వెంట్రుకల్లో దాగిపోతే రాత్రి తియ్యడం మర్చిపోతారు. పైగా ఇప్పుడు పుండుంది.

వంశధార_ఒడ్డు | ఆగస్టు 17, రాత్రి 9:50

చీపురుపల్లి అన్నా, అడిగినందుకే సంతోషం. అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాను. పెళ్ళివారు ముందు కోప్పడ్డారు, తోక ఫొటో పంపించాక పెద్దాయన ఫోన్ చేసి "పిల్లకి నయం చేయించు నాయనా" అన్నారు. ఈ నెల కష్టమే. పరవాలేదు.

వంశధార_ఒడ్డు | సెప్టెంబరు 6, ఉదయం 7:20

పొదుగు శుభ్రమైంది, పుండు ఎండింది. రుద్దడం బాగా తగ్గింది. కానీ నిన్నా ఇవాళా మళ్ళీ నిట్రాడ దగ్గరికి వెళ్తోంది, తోక కింద మళ్ళీ సన్న చార. నేను శుభ్రం సరిగ్గా చెయ్యలేదా? గుడ్డలన్నీ కాలుస్తున్నాను, ఒక్క రోజు కూడా తప్పలేదు.

పశువైద్యం_బొబ్బిలి | సెప్టెంబరు 6, ఉదయం 8:00

మీ తప్పు కాదు. గుడ్డు నోట్లోకి వెళ్ళి, పురుగై, మళ్ళీ గుడ్లు పెట్టడానికి దాదాపు అయిదు నెలలు పడుతుంది. మందు వేసి మూడు వారాలే అయింది. అంటే ఇవి కొత్తగా వచ్చినవి కావు, మొదటి మందుకి చావని పాతవే. పిన్‌వార్మ్ ఐవర్‌మెక్టిన్‌కి లొంగకపోవడం చాలా దేశాల్లో చూస్తున్నారు. టేపు మళ్ళీ తీసి, ఇదే మాట మీ డాక్టరమ్మకి చెప్పండి. ఆవిడ వేరే జాతి మందు చూస్తారు.

భీమిలి_గాలి | సెప్టెంబరు 6, రాత్రి 7:45

ఇది చదివాక నేనూ టేపు అద్దాను. మా గుర్రానికి గుడ్లు లేవు, దోమే. పొగ బయటికి మార్చాను, దగ్గు తగ్గింది. దగ్గు పొగ వల్లేనని ఇన్నాళ్ళూ తట్టలేదు.

వంశధార_ఒడ్డు | అక్టోబరు, సిరిమాను జాతర వెళ్ళిన వారం

డాక్టరమ్మ మందు మార్చారు. ఫెన్‌బెండజోల్, ఆవిడ రాసినన్ని రోజులు వరసగా పెట్టాను. తరవాత రెండుసార్లు టేపు తీశాం, గుడ్లు లేవు. జనవరిలో ఇంకోసారి తియ్యమన్నారు.

తోక మొదట్లో కొత్త వెంట్రుకలు వచ్చాయి, వేలి కణుపంత. అరచెయ్యి పెడితే గరుగ్గా తగులుతాయి. పాత కుచ్చు కింద వేలాడుతోంది, మధ్యలో ఖాళీ ఉంది. ఎవరో కత్తిరించి సమం చెయ్యమన్నారు, నేను ఒప్పుకోలేదు. ఈగలు తోలుకోవడానికి దానికి అదొక్కటే ఉంది.

నిట్రాడకి ఒక్క వెంట్రుక లేదు. రాత్రి లేచి రెండుసార్లు చూస్తున్నాను, అలవాటైపోయింది. నిలబడి నిద్రపోతూ ఉంటుంది.

గుర్రమంటే_ప్రాణం (టెక్కలి) | నవంబరు 3, ఉదయం 8:10

అన్నా, మొత్తం చదివాను. మా మగగుర్రం నాలుగు రోజులుగా తోక రుద్దుతోంది. కార్తీకం పెళ్ళిళ్ళకి తోక జడ వెయ్యమంటున్నారు. వెయ్యొచ్చా?

వంశధార_ఒడ్డు | నవంబరు 3, ఉదయం 8:25

తమ్ముడూ, జడ తరవాత. రేపు తెల్లవారి కడక్కముందు తోక ఎత్తి చూడు, టేపు అద్దు. తొడుగు కూడా చూడు, అది దగ్గరుండి పట్టుకునేవాడు ఉన్నప్పుడే. అన్నీ బాగుంటే జడ వేసుకో, కానీ ఎముక ఉన్నంత మేర వదిలేసి దాని కిందనుంచి మొదలెట్టు. రబ్బరు బ్యాండు బదులు నూలుదారం కట్టు. ఊరేగింపు దిగగానే, జీను తీసేకంటే ముందు, అది విప్పు.